రేడియోలో వేరే గొంతు

హెల్గె టోర్న్‌క్విస్ట్ మాట్లాడితే పక్కవాడికి వినపడదు, పాడితే మాత్రం సరస్సు అవతలి ఒడ్డుకి వినపడుతుంది అనేవాళ్ళు మా ఎల్వ్‌ఫోర్స్‌లో. కొంచెం అతిశయం ఉందనుకోండి. కానీ నేను, ఆస్తాని, వాళ్ళ పక్కింట్లో పుట్టినదాన్ని. హెల్గె పెరట్లో కట్టెలు కొడుతూ పాడుతుంటే మా అమ్మ చలికాలంలో కూడా వంటింటి కిటికీ తెరిచిపెట్టి రొట్టెపిండి పిసికేది.

పెద్దయ్యాక అతను కాగితం మిల్లులో చేరాడు. శనివారం సాయంత్రాలు డాన్సు బృందంలో పాడేవాడు. ఆ బృందాన్ని అతనూ, రూనె వాల్‌స్టెన్ కలిసి పెట్టారు. రూనె అకార్డియన్ వాయిస్తాడు. ఊళ్ళో రంగుల దుకాణం అతనిదే. ఇద్దరూ బళ్ళో ఒకే బెంచీ. రూనె చెల్లెలు గునెల్‌ని హెల్గె చేసుకున్నాక స్నేహితులు కాస్తా బావలయ్యారు. బృందానికి ఇద్దరి పేర్లూ కలిపి ‘రూనెహెల్గెస్’ అని పెట్టుకుని, పాత బస్సొకటి కొని, దాని మీద ఆ పేరు పచ్చరంగుతో రూనే స్వయంగా రాశాడు. బస్సు నడిపేది హెల్గె. బాగుచేసేది హెల్గె. పాడేది కూడా హెల్గె.

వేసవి వస్తే వాళ్ళు ఇంట్లో ఉండేవాళ్ళు కాదు. ఈ వారం ఒక పార్కు, వచ్చే వారం ఇంకో పార్కు. చెక్కల నేల మీద జనం జంటలు జంటలుగా తిరుగుతుంటారు, పక్కన సాసేజీలు కాలుతుంటాయి, పొద్దు గూకనే గూకదు. అక్కడ జనం వాళ్ళ చేత అడిగి మరీ పాడించుకునే పాట ఒకటుండేది. పేరు ‘మంచు విరిగే వారం’. ఏప్రిల్‌లో మా సరస్సు మీద మంచు మనిషిని మోయదు, అలాగని పడవనీ కదలనివ్వదు. ఆ వారం రోజులూ అవతలివాళ్ళు అవతలే, ఇవతలివాళ్ళు ఇవతలే. గునెల్ పుట్టిల్లు అవతలి ఒడ్డున. పెళ్ళికి ముందు అలాంటి రోజుల్లో హెల్గె ఇవతల నిలబడి, ఆమె వంటింటి పొగ చూస్తూ అల్లుకున్న మాటలవి. రూనె వరస కట్టాడు. అది మొదలవగానే పార్కుల్లో మొగుళ్ళు కాఫీ కప్పులు పక్కనపెట్టి పెళ్ళాల కోసం వెతుక్కునేవాళ్ళు.

పంతొమ్మిదివందల డెబ్భై రెండు జనవరిలో ఒక డాన్సుకి గోథెన్‌బర్గ్ నుంచి రికార్డు కంపెనీ మనిషి వచ్చాడు. ఆ పాట విన్నాడు. ఆ ఏడాది రేడియోలో డాన్సు బృందాల పాటలే పాటలు. అందరికీ అలాంటివే కావాలి. ఆ కంపెనీ మనిషి రూనెని పక్కకి పిలిచి మాట్లాడాడు. రూనె ఎగురుకుంటూ వచ్చి, “బావా, మనం రేడియోలో మోగబోతున్నాం!” అని హెల్గెని ఎత్తి తిప్పాడట. హెల్గె సిగ్గుపడిపోయి, “దించరా, నడుం పట్టేస్తుంది,” అన్నాడట. ఇదంతా డ్రమ్స్ వాయించే అక్సెల్ నాకు చెప్పాడు. ఆ తర్వాత జరిగినవాటిలో కూడా నేను చూడనివి కొన్ని అక్సెల్ చెప్పినవి, కొన్ని హెల్గె చెప్పినవి.

మార్చిలో రికార్డింగ్‌కి బస్సులో గోథెన్‌బర్గ్ స్టూడియోకి వెళ్ళారు. పొద్దున హెల్గె ఆ పాట రెండుసార్లు పాడాడు. అద్దం అవతల కూర్చున్నవాళ్ళు బాగుందన్నట్టు తలలూపారు. మధ్యాహ్నం తిండి దగ్గర రూనె అన్నాడు:

“బావా, వచ్చేటప్పుడు క్లచ్ పట్టేస్తోందన్నావు కదా. రేవు పక్కన మంచి మెకానిక్ ఉన్నాట్ట. నీ పాట అయిపోయింది. మేం వాయిద్యాలు ఇంకోసారి వాయించాలి. ఈలోపు నువ్వెళ్ళి చూపించుకు రారాదూ.”

హెల్గె వెళ్ళాడు. మెకానిక్ క్లచ్ విప్పి, ఏమీ లేదని మళ్ళీ బిగించాడు. హెల్గె తిరిగొచ్చేసరికి మెట్ల మీద ఒక కుర్రాడు కూర్చుని రొట్టె తింటున్నాడు. సన్నగా, భుజాల దాకా జుట్టు. హెల్గెని చూడగానే లేచి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని అందించాడు.

“మీరే కదా హెల్గె గారు? నా పేరు కొన్నీ. మీ గురించి చాలా చెప్పారండీ.”

పద్ధతైన కుర్రాడు అనుకున్నాడు హెల్గె. కంపెనీలో పనిచేసేవాడనుకున్నాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవ్వరూ నోరెత్తలేదు. మామూలుగా అయితే దారంతా పాటలూ, బూతు జోకులూ. అక్సెల్ కళ్ళు మూసుకుని నిద్ర నటించాడట. “కళ్ళు తెరిస్తే అద్దంలో హెల్గె కళ్ళు కనబడతాయని భయం వేసింది,” అన్నాడు నాతో, చాలా ఏళ్ళ తర్వాత.

మే నెలలో ఒక ఆదివారం ఆ పాట మొదటిసారి రేడియోలో వేస్తారని తెలిసింది. హెల్గె తల్లి ఎల్నా పెద్దమ్మ వీధి వీధంతా కాఫీకి పిలిచింది. బంగారు అంచు కప్పులు దించింది. దాల్చినచెక్క బన్నులు, బాదం బిస్కెట్లు, గునెల్ చేసిన క్రీము కేకు. భోజనాల గదిలో కుర్చీలు చాలక మేం కొందరం మంచం అంచు మీద కూర్చున్నాం. హెల్గె చర్చికి వేసుకునే కోటు వేసుకుని రేడియో పక్కన నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోడు.

“రూనె ఏడీ?” అంది పెద్దమ్మ.

“అన్నయ్యకి దుకాణంలో సరుకు దిగుతోందట,” అంది గునెల్.

“ఆదివారం సరుకేమిటి?” అన్నాడు హెల్గె నవ్వుతూ.

“ఏమో మరి,” అని ఆమె కేకు కోయడంలో పడిపోయింది.

రేడియోలో అనౌన్సరు పాట పేరు చెప్పాడు. తర్వాత బృందం పేరు, ‘రూనెస్’ అన్నాడు. “సగం పేరు మింగేశాడు వెధవ,” అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. అకార్డియన్ మొదలైంది. అది రూనెదే, ఎవరైనా చెప్పగలరు. ఆ వేళ్ళు మొదట్లో ఒకచోట కాస్త తడబడ్డట్టు ఆగి ముందుకెళతాయి. తర్వాత గొంతు వచ్చింది.

పల్చగా, తియ్యగా, కుర్ర గొంతు. మాటలన్నీ అవే. పొగ, ఒడ్డు, మంచు కింద నీళ్ళ చప్పుడు, అన్నీ ఉన్నాయి. హెల్గె లేడు.

కప్పులు నోటి దగ్గర ఆగిపోయాయి. ఎవరం ఎవరి వంకా చూడలేదు. హెల్గె రేడియో మీద చెయ్యి పెట్టి, వేడిగా ఉందా లేదా అని చూస్తున్నవాడిలా అలాగే నిలబడ్డాడు. పాట సగంలో ఎల్నా పెద్దమ్మ కొడుకు వైపు తిరిగింది. ఆవిడకి చెవులు అప్పటికే అంతంత మాత్రం.

“జలుబు చేసిందేమిట్రా ఆ రోజు నీకు? గొంతు సన్నబడిపోయింది.”

“అవునమ్మా,” అన్నాడు హెల్గె. “కొంచెం చేసింది.”

అప్పుడు అతను గునెల్ వైపు చూశాడు. నేనూ చూశాను. మా అందరి మొహాల్లోనూ ఉన్న ఆశ్చర్యం ఆమె మొహంలో లేదు. ఆమె ఖాళీ పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. అతను వెనకే వెళ్ళాడు. తలుపు మూయలేదు.

“నీకు తెలుసు.”

“హెల్గె, అందరూ ఉన్నారు…”

“ఎప్పట్నుంచీ?”

“మీరు గోథెన్‌బర్గ్ వెళ్ళకముందు నుంచీ. అన్నయ్య వచ్చి చెప్పాడు. కంపెనీవాళ్ళు కొత్త గొంతు అయితేనే చేస్తామన్నారట. నిన్ను కూడా ఒకసారి పాడించి చూస్తామన్నారట, ఊరికే, మర్యాదకి.”

“మర్యాదకి,” అన్నాడతను.

“అన్నయ్యే నీతో చెబుతాడనుకున్నాను.”

“వాడు నువ్వు చెబుతావనుకున్నాడా?”

కొళాయి తిప్పిన చప్పుడు వినపడింది. మేమంతా ఒక్కొక్కళ్ళం లేచి, కాఫీ చాలా బాగుంది పెద్దమ్మా అని చెప్పి బయటపడ్డాం. ఆవిడ గుమ్మంలో నిలబడి, “అప్పుడే వెళ్ళిపోతారేం? ఇంకోసారి వేస్తారేమో ఉండండి,” అంటోంది.

మర్నాడు హెల్గె మిల్లు నుంచి నేరుగా రంగుల దుకాణానికి వెళ్ళాడు. రూనె ఎవరికో కిటికీలకి తెల్లరంగు కలుపుతున్నాడు. ఆ కొనుక్కునేవాడు వెళ్ళేదాకా హెల్గె గోడ పక్కన నిలబడ్డాడు.

“కొత్త మొహం కావాలన్నారు బావా,” అన్నాడు రూనె, తలెత్తకుండా. “నలభై రెండేళ్ళవాడి మొహం రికార్డు అట్ట మీద వేస్తే కుర్రాళ్ళెవరు కొంటారన్నారు. నేనేం చెయ్యను? లేకపోతే అసలు రికార్డే లేదన్నారు. మాటలు నీవేనని అట్ట మీద వేయించా. కావాలంటే చూడు. అది మాత్రం పట్టుబట్టి వేయించా.”

“నాతో చెప్పొచ్చుగా.”

“చెబితే నువ్వు ఒప్పుకునేవాడివే. నీ సంగతి నాకు తెలీదూ? మంచివాడివి, సరేలే అనేవాడివి.”

“మరి చెప్పలేదేం?”

రూనె కర్రతో రంగు తిప్పుతూనే ఉన్నాడు. “నీ మొహం చూడలేకపోయాను రా.”

“అందుకని మెకానిక్ దగ్గరికి పంపావు.”

అంతకంటే ఏమీ అనలేదట హెల్గె. “అరిచి ఉంటే బాగుండేది,” అన్నాడు నాతో ఒకసారి. “నాకు పాడటానికి గొంతుంది గానీ అరవడానికి లేదు ఆస్తా.”

ఇక్కడ మా ఊరివాళ్ళెవరికీ అర్థం కాని సంగతి ఒకటుంది. ఆ వేసవంతా హెల్గె బస్సు నడిపాడు. స్టేజీ మీద కొన్నీ, కింద బస్సు దగ్గర హెల్గె. డాన్సు మొదలయ్యాక చాలాసేపటికి గానీ బస్సు వదిలి లోపలికి వచ్చేవాడు కాదు. బస్సు మీద పచ్చ అక్షరాల్లో ‘హెల్గె’ చెరిపేసి ‘రూనెస్’ మాత్రం మిగిల్చారు. ఎల్నా పెద్దమ్మకి అప్పటికి అంతా తెలిసింది. కొడుకు భోజనం చేస్తుంటే ఎదురుగా నిలబడి తిట్టేది.

“నీకు సిగ్గూ శరం లేదట్రా? నీ పాట వాడితో పాడించి, నీ చేత బండి తోలిస్తారా? మీ నాన్న ఉంటే ఆ అకార్డియన్‌ని పొయ్యిలో పెట్టేవాడు.”

“పార్కులవాళ్ళకి మాటిచ్చింది నేనమ్మా. బస్సు లైసెన్సు ఇంకెవరికీ లేదు. ఈ ఏడు తోలేస్తా.”

అతను చెప్పిన కారణం అదీ. గునెల్ కూడా బతిమాలింది, అన్నయ్యతో తెగతెంపులు చేసుకోవద్దని. కానీ నాకు తోచింది వేరు. ఏదో ఒక శనివారం రూనె అకార్డియన్ ఆపి, “బావా, పైకి రా, ఇది నువ్వు పాడాలి,” అంటాడని అతను ఎదురు చూశాడు. ఒక్క పాట చాలు. జనం ముందు ఒక్కసారి పిలిస్తే చాలు. మిగతాదంతా మింగేసేవాడు. రూనె పిలవలేదు. ఆ పాట రేడియో పట్టికలో వారం వారం పైకి పోయింది. మిల్లు క్యాంటీన్‌లో అది వచ్చినప్పుడల్లా, “నీ పాటొస్తోంది డ్రైవరూ,” అని ఎవడో ఒకడు గొంతు పెంచేవాడు. నవ్వులాటకే అనేవాళ్ళు. హెల్గె సూపు పళ్ళెం తీసుకుని గోడవైపు తిరిగి కూర్చునేవాడు.

ఆగస్టులో ఒక పార్కుకి వెళ్ళారు. ఏళ్ళ తరబడి వాళ్ళు ప్రతి వేసవీ వాయించే చోటు. ఆ రోజు నేనూ మా ఆయనా కూడా అక్కడే ఉన్నాం. హెల్గె మాతో పాటు కాఫీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. ఆ పార్కుకి ఎప్పుడూ వచ్చే పెద్దావిడ ఒకామె అతన్ని చూసి దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

“గొంతెలా ఉంది నాయనా?”

“గొంతా?”

“ఏదో గడ్డ లేచింది కదా గొంతులో. ఇక పాడలేవని డాక్టర్లు చెప్పారట. రూనె మైకులో చెప్పాడట కదా పోయిన నెల, అందరం ఎంత బాధపడ్డామో. ఆయన కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయట.”

హెల్గె కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. “ఎక్కడ చెప్పాడు?”

“ఇక్కడ కాదులే, పక్కూరి పార్కులో. మా అక్క వాళ్ళు విన్నారు. అన్ని చోట్లా డాన్సు మొదలయ్యే ముందే చెబుతున్నాడన్నారు.” ఆమె అతని మొహం చూసి భయపడింది. “తప్పుగా మాట్లాడానా?”

“లేదమ్మా. గొంతు బాగానే ఉంది,” అన్నాడు.

హెల్గె బస్సులోకి వెళ్ళి కూర్చున్నాడు. పాటల మధ్య విరామంలో కొన్నీ నీళ్ళ కోసం అక్కడికి వచ్చాడు. హెల్గె అతన్ని అడిగాడు. కొన్నీ తెల్లబోయాడు.

“గొంతు పాడైందనే కదండీ నన్ను తీసుకున్నారు? మొదటి రోజే రూనె గారు చెప్పారు. ఆ సంగతి మీ దగ్గర ఎత్తొద్దన్నారు, మీరు కుంగిపోతారని. నిజం కాదా అది?”

హెల్గె బస్సులోంచి దిగి నేరుగా స్టేజీ ఎక్కాడు. కొన్నీ మైకు ఖాళీగా ఉంది. రూనె తన కుర్చీలో అకార్డియన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. హెల్గె మైకు దగ్గరికి వచ్చి అతని వైపు తిరిగి చూశాడు. మొదలుపెట్టమన్నట్టు తలూపాడు. ఎప్పుడూ అలాగే ఊపేవాడు. ఆ తలూపు రాగానే రూనె వేళ్ళు వాటంతటవే కదిలేవి.

రూనె కదల్లేదు. అక్సెల్ డ్రమ్ పుల్లలు చేతిలోకి తీసుకుని రూనె వంక చూశాడు, మళ్ళీ కింద పెట్టేశాడు.

హెల్గె ఒక్కడే మొదలుపెట్టాడు. వాయిద్యం లేదు, తాళం లేదు. ఆ గొంతుకి ఏ గడ్డా లేదని మొదటి మాటకే పార్కు అంతటికీ తెలిసింది. మా వయసువాళ్ళు డాన్సు నేల మీదే నిలబడిపోయారు. కొందరు టోపీలు తీశారు. కానీ వెనక బెంచీల మీద కుర్రాళ్ళు కొందరు, “ఎవర్రా ఈయన? డ్రైవర్ కదూ?” అనుకోవడం నాకు వినపడింది. ఎవరో ఒకమ్మాయి “కొన్నీ!” అని కేక పెట్టింది. రెండో చరణం మధ్యలో హెల్గె ఆపేశాడు. మరిచిపోయి కాదు. మూడు అడుగుల దూరంలో రూనె చేతులు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. పధ్నాలుగేళ్ళలో అతను హెల్గెని ఒక్క స్వరం కూడా ఒంటరిగా వదల్లేదు.

హెల్గె జేబులోంచి బస్సు తాళాలు తీసి అకార్డియన్ మీద పెట్టాడు. కింద పడకుండా జాగ్రత్తగా పెట్టాడు. స్టేజీ దిగి మా దగ్గరికొచ్చి, “మీ కారులో చోటుందా ఆస్తా?” అన్నాడు.

దారిలో మా ఆయన ఏదో అనబోతే నేను మోకాలు తట్టి ఆపాను. ఊరు దగ్గరపడ్డాక హెల్గె, “మా అమ్మ ఇంటి దగ్గర దింపేయండి,” అన్నాడు. అంతే, సొంత ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు. బట్టలు నేనే వెళ్ళి తెచ్చాను.

గునెల్ అప్పుడప్పుడు వచ్చేది. ఎల్నా పెద్దమ్మ తలుపు తీసేది కాదు. అక్టోబరులో ఒక రోజు హెల్గె తనే బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే, ఆమె పక్కనే కూర్చుని మాట్లాడింది. అతను ఆ మాటలు నాకు చెప్పాడు గనక తెలిసింది.

“నేను భయపడి చెప్పలేదని అందరూ అనుకుంటున్నారు. నువ్వూ అదే అనుకుంటున్నావు,” అందట ఆమె. “భయం కూడా ఉంది. కానీ అన్నయ్య వచ్చి చెప్పినప్పుడు ఒక్క క్షణం సంతోషం వేసింది. ఇక శనివారాలు ఇంట్లో ఉంటావు కదా అని. పధ్నాలుగు వేసవులు నేను ఒక్కదాన్నే కూర్చున్నాను. నా మీద రాసిన పాట ఊరూరా వాళ్ళ పెళ్ళాల కోసం పాడావు. నేను ఇంట్లో రేడియో పెట్టుకునేదాన్ని.”

“ఆ మాట నాతో అనొచ్చుగా.”

“ఎన్నిసార్లు అన్నాను! నువ్వు బస్సు కింద పడుకుని ఉండేవాడివి. బయటికున్న నీ కాళ్ళతో మాట్లాడినట్టుండేది.”

ఆమె నిజమే చెప్పింది. హెల్గె కూడా అది నిజమేనని ఒప్పుకున్నాడు. “కానీ దానికి ఇదా?” అన్నాడు నాతో. “పాడొద్దని నాతో పోట్లాడాల్సింది. వాళ్ళు నా వెనకాల చేస్తున్నది నాకు చెప్పకుండా, పొద్దున్నే లేచి నాకు ప్రయాణానికి రొట్టెలు కట్టింది ఆస్తా. నా చొక్కా ఇస్త్రీ చేసింది. గోథెన్‌బర్గ్‌లో బాగా కనపడాలని.”

ఆ చొక్కా మాట చెప్పినప్పుడే మొదటిసారి అతని కళ్ళు తడవడం చూశాను.

ఆ చలికాలం అతను మనిషి కాలేదు. కట్టెలు కొట్టేవాడు గానీ నోట్లోంచి చిన్న కూనిరాగం కూడా లేదు. ఎల్నా పెద్దమ్మ కిటికీ తెరిచి చూసి మళ్ళీ మూసేసేది. మా చర్చిలో ఆర్గన్ వాయిస్తూ, గాయక బృందాన్ని నడిపే దాగ్నీ గారు క్రిస్మస్ అవగానే వాళ్ళింటికి వచ్చారు. ఆవిడకి అరవై దాటాయి. పొట్టి మనిషి, మొహమాటం లేదు. నేను ఆవిడ బృందంలో పాడేదాన్ని, వెంట వెళ్ళాను.

“గుడ్ ఫ్రైడేకి ప్రభువు శ్రమల సంగీతం మొత్తం వేస్తున్నాం,” అన్నారు కోటు విప్పకుండానే. “పట్నం నుంచి వయొలిన్లు వస్తున్నాయి. నాకు మంద్రంలో పాడేవాడు కావాలి. నువ్వు గురువారాలు ఖాళీయే కదా?”

“నేను పాడటం మానేశానండి.”

“అది నీ ఇష్టం. గురువారం అందరిళ్ళలోనూ బఠానీ సూపే కదా, అది తినేసి ఏడింటికి రా.”

“ఏం పాడాలి?” అన్నాడు హెల్గె.

“ఆ శిష్యుడి భాగం. ప్రభువు ఎవరో నాకు తెలియదని మూడుసార్లు అంటాడే, అతను.”

హెల్గె నవ్వాడు. నెలల తర్వాత నవ్వడం అదే, కానీ ఆ నవ్వు చూడ్డానికి బాగాలేదు. “ఇంతమంది ఉండగా ఆ వేషానికి నేనే దొరికానా మీకు? రంగుల దుకాణంలో అడగండి, బాగా చేస్తాడు.”

“రూనెకి ఆ కింది స్వరాలు అందవు,” అన్నారు దాగ్నీ గారు, పూర్తి మామూలుగా. “మంద్రంలో పాడేవాళ్ళు నాకు నలుగురున్నారు. ఇద్దరికి స్వరం పట్టే చెవి లేదు. ఒకాయనకి పళ్ళు కట్టిస్తున్నారు. ఇంకొకడు తాగొస్తాడు. నాకు నీ కథతో పనిలేదు హెల్గె, గొంతుతోనే పని.”

బహుశా ఆ మాటకే వచ్చాడు. ఊరంతా అతని కథ గురించే మాట్లాడుతోంది అప్పటికి. గొంతు సంగతి అడిగింది ఆవిడ ఒక్కర్తే.

గురువారం గురువారం వచ్చి వెనక వరసలో నిలబడేవాడు. కాగితం చూసి పాడటం అతనికి కొత్త. వేలితో గీతల మీద వెతుక్కుంటూ, తప్పు పాడినప్పుడు చెవుల దాకా ఎర్రబడేవాడు. పార్కులో పాడినట్టు మాట చివర సాగదీస్తే దాగ్నీ గారు పెన్సిల్‌తో బల్ల మీద కొట్టేవారు. “ఇక్కడ ఎవరూ డాన్సు చెయ్యడం లేదు,” అనేవారు. మార్చికల్లా అతను దారికొచ్చాడు.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం చర్చి కిక్కిరిసిపోయింది. బయట ఇంకా మంచు, లోపల తడి ఉన్ని కోట్ల వాసన. నేను ఆడవాళ్ళలో కింది స్వరాలు పాడే ఆల్టోల వరసలో నిలబడి చూస్తే గునెల్ నాలుగో బెంచీలో కనిపించింది. పక్కన రూనె. హెల్గె కూడా వాళ్ళని చూశాడు. అతని భాగం చిన్నదే. ఒకసారి, మరోసారి, ఇంకోసారి. చిన్న చిన్న వాక్యాలు, అంతా కలిపి ఒక నిమిషం ఉండదు. ఆ వాక్యాలు అతను ఎవరి వంకా చూడకుండా, కాగితం వంక చూస్తూ పాడాడు. గొంతు పెంచలేదు. ఎవరో దారిలో పేరు అడిగితే తెలీదని చెప్పినంత మామూలుగా పాడాడు. తర్వాత వయొలిన్ ఒక్కటే ఏడుపులా లేచింది. రూనె రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

అయిపోయాక బయట మెట్ల దగ్గర రూనె కాచుకుని ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది.

“బావా. ఎంత బాగా పాడావు.”

హెల్గె ఆగాడు. నేను అతని పక్కనే ఉన్నాను. ఇక కలిసిపోతారేమో అనుకున్నాను, అబద్ధం ఎందుకు. మెట్ల మీద చాలామంది అదే అనుకుంటూ నెమ్మదిగా నడుస్తున్నారు.

“చాలా తేలిక రూనె,” అన్నాడు హెల్గె. ఎప్పుడూ బావా అనేవాడు, పేరు పెట్టి పిలిచాడు. “ఇన్నాళ్ళూ నువ్వు ఎంత నలిగిపోయి చేశావో అనుకున్నాను. నిద్రపట్టక, తిండి సయించక చేశావనుకున్నాను. ఇవాళ పాడి చూశాను కదా. అతనెవరో నాకు తెలీదు అనడం, రెండు మాటలు. ఊపిరి కూడా అక్కర్లేదు.”

“నన్ను క్షమించలేవా?”

“ఏమో. ఇవాళ్టి దాకా క్షమిద్దామనే అనుకున్నా.”

అని నాతో, “పద ఆస్తా, అమ్మ ఒక్కతే ఉంది,” అన్నాడు. రూనె టోపీ పెట్టుకోవడం కూడా మరిచిపోయి అక్కడే నిలబడ్డాడు. అతని నెత్తిన మంచు పడుతోంది.

కొన్నీ ఆ వేసవి మధ్యలో ఇంకో పెద్ద బృందంలోకి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు హెల్గెని కలిసి క్షమించమని అడిగాడు. నువ్వేం చేశావురా అని హెల్గె అతనికి కాఫీ ఇచ్చి పంపాడు. రూనె బృందం ఇంకో రెండు వేసవులు ఏదోలా లాక్కొచ్చి ఆగిపోయింది. హెల్గె, రూనె ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉంటారు. కొట్లో ఎదురుపడితే హెల్గె తలవంచి నమస్కారం అంటాడు, ఎవరితోనైనా అన్నట్టే. కిటికీలకి రంగు కావలసివస్తే మాత్రం ఇరవై మైళ్ళ అవతలి ఊరికెళ్ళి తెచ్చుకుంటాడు.

గునెల్ సంగతి వేరుగా నడిచింది. గుడ్ ఫ్రైడేకి పాడిన ఏడాదే సెప్టెంబరులో ఆమె చర్చి బృందంలో చేరతానని దాగ్నీ గారి దగ్గరికి వచ్చింది. దాగ్నీ గారు ఎప్పటిలాగే రెండు స్వరాలు పాడించి చూసి, పై స్వరాల వరసలో నిలబెట్టారు. హెల్గె ఏమీ అనలేదు. చలికాలంలో దారి గడ్డకట్టినప్పుడు అతనే ఆమెని కారులో ఇంటి దగ్గర దింపేవాడు. దారంతా వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళట, ఎల్నా పెద్దమ్మ మోకాళ్ళ గురించి కూడా.

ఒకసారి అభ్యాసం అయ్యాక కుర్చీలు సర్దుతూ నేను అడిగేశాను, మళ్ళీ కలిసి ఉంటారా అని.

అతను ఇంకో కుర్చీ ఎత్తి పట్టుకున్నాడు. “కలిసి పాడగలుగుతున్నాను. అక్కడ దాగ్నీ గారు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో చెబుతారు,” అన్నాడు. “ఇంట్లో ఎవరు చెబుతారు?”

బయట గునెల్ అతని కారు పక్కన నిలబడి, చేతి తొడుగుతో అద్దం మీద మంచు గీకుతోంది. హెల్గె కుర్చీ గోడకి చేర్చి, కోటు వేసుకుని, ఆమె దగ్గరికి వెళ్ళి రెండో అద్దం గీకడం మొదలుపెట్టాడు.